పగడాల దిబ్బకు పడుగు

ముందు టీ గ్లాసులు కింద పెట్టండప్పా. నవ్వితే ముక్కులోకి పోతాది. పోయిన వారం నేను చేసిన పనికి సముద్రంలో ఒక పగడాల దిబ్బ మొత్తం చదునైపోయింది! విరగ్గొట్టలేదు లెండి. కొలిచి చదును చేసినా.

నేనూ, హిందూపురం చింతపండు అంగడోళ్ల ఖలీలూ రామేశ్వరం పక్కన సముద్రంలో మునిగి పగడాల దిబ్బలు కొలుస్తాండామని మీకు తెలుసు గదా. వానలే సరిగా పడని సీమోళ్లకు సముద్రంలో ఉద్యోగం! ఈత నేర్చింది పెనుకొండ దగ్గర ఖలీల్ వాళ్ల మామ తోట బావిలో. తాడు పరిచేది కూడా ఆ బావి అడుగునే ప్రాక్టీస్ చేసినాం. బావి అడుగు చదునుగా ఉంటాది కాబట్టి నా జబ్బు ఆడ బయటపడలేదు. పైగా వాళ్ల మామ గట్టు మీద నుంచి, "నీ జతగాడు తాడు భలే బిగువుగా పట్టినాడే!" అని మెచ్చుకున్నాడు కూడా.

పని ఏమంటే, నీళ్లలోకి ఎప్పుడూ ఇద్దరు కలిసే దిగాల. ఒకరినొకరు వదలకూడదు. ఖలీల్ ముందు పోతా, తాడును దిబ్బ మీద ఎత్తుల్లో ఎక్కించి గుంతల్లోకి దింపి పరుస్తాడు. నేను వెనక కొస పట్టుకోవాల. అంతే. గుంతలు ఎన్నుంటే తాడు అంత ఎక్కువ పడతాది. దాన్నిబట్టి దిబ్బ ఎంత ఎగుడుదిగుడో తెలుస్తాది.

ఆ రోజు ఆఖరి రోజు. తెల్లారితే గాలి మారుతాది, పడవ పోదు. ఖలీల్ రీసెర్చికి ఆ ఒక్క దిబ్బ కొలతే తక్కువ. అది రాకుంటే వాని ఏడాది గంగపాలు. పడవలో నా చెయ్యి పట్టుకుని, "రేయ్ నాగరాజూ, ఇదొక్కటి చక్కగా రానీరా, నీకు పుణ్యముంటాది" అన్నాడు.

"నేనుండా గదప్పా!" అన్నా, రొమ్ము విరుచుకుని. ఆ మాటే కొంప ముంచింది.

దిగినాం. ఖలీల్ తాడు పరుస్తా పోతాండాడు. చూస్తే తాడు వదులు! అబ్బా, ధర్మవరంలో మగ్గం పక్కన పుట్టినోని చేతికి వదులు దారం తగిలితే ఊరకుంటాదా? మా ఇంట్లో పడుగు దారాలు వదులైతే నాయన చేతిలో వీపు మోగేది. చెయ్యి దానంతటదే లాగేసింది. గుంతలో దిగిన తాడు టింగుమని పైకి లేచింది. పాపం, వాడు వెనక్కొచ్చి మళ్లీ దూర్చినాడు. నేను మళ్లీ లాగినా. వాడు దూర్చేది, నేను లాగేది! వాడు నోట్లో గొట్టం పెట్టుకుని ఏదో అరిచినాడు, బుడగలు తప్ప మాట రాలేదు. 'వీనికి పని సరిగా రాదు, అందుకే జతకు నేనుండేది' అని నా ఇది! ఆఖరికి ఎంత గట్టిగా లాగినానంటే, తాడు చేతికి చుట్టుకుని ఖలీలే వెనక్కొచ్చి నా ఒళ్లో పడినాడు.

పైకొచ్చి లెక్క చూసినాం. దిబ్బ ఈ కొస నుంచి ఆ కొసకు ఎంత దూరమో, తాడూ సరిగ్గా అంతే! పడవలో కూర్చోనుండే మా సార్ నెల్లూరాయన. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, "ఏందయ్యా ఇది? పగడాల దిబ్బా, రైల్వే ప్లాట్‌ఫారమా?" అన్నాడు.

ఖలీల్‌కు ఏడుపొక్కటే తక్కువ. నన్ను పక్కకు పిలిచి, "సార్‌కు చెప్పనులే. కానీ నువ్వు ఎవరికి పార్టనర్‌వి రా? నాకా, సముద్రానికా?" అన్నాడు.

"వదులైతాంటే బిగించినా అబ్బా, నీ మంచికే..."

"నా మంచి కోరేవానివైతే ఈసారి చేతులు కట్టుకో."

"యాడ? నీళ్లలోనా?"

"నీళ్లలోనే!"

నిజంగా సిగ్గేసింది నాకు. వాని ఏడాది నా చేతుల్లోనే ఉండె, ఆ చేతులే దాన్ని పాడు చేస్తాండాయి. మిగిలిన గాలి సిలిండర్లు రెండు. మళ్లీ దిగినాం. వాడు తాడు కొసను సీసపు గుండుకు కట్టేసినాడు. నేను బళ్లో పిల్లోని మాదిరి చేతులు కట్టుకుని వాని వెనకే ఈదినా. తాడు నా ముక్కు ముందే వదులుగా ఊగుతాంటే ప్రాణం పోయినంత పనైంది! చేతులు రెండూ చంకల్లో ఇరికించి, కళ్లు అటు తిప్పుకున్నా.

ఈసారి దిబ్బ దిబ్బ మాదిరే వచ్చింది. ఖలీల్ పడవలోనే నన్ను వాటేసుకున్నాడు. సార్ నా వీపు తట్టి, "జోడీ అంటే ఇట్లుండాలయ్యా! రేపు కొత్తగా చేరినోళ్లకు పార్టనర్ పని ఎట్లుండాలో నువ్వే చూపించాల" అన్నాడు. ఖలీల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం పక్కకు తిరిగినాడు, భుజాలు మాత్రం ఎగురుతాండాయి.

మరుసటి రోజు ఒడ్డు మీద కొత్తోళ్లందరూ పుస్తకాలు, పెన్నులు పట్టుకుని నా ముందర కూర్చున్నారు. "చూపించండి సార్" అన్నారు. ఏం చూపిస్తానప్పా? చేతులు కట్టుకుని నిలబడినా.