యశోద తలనీలాలు, డాక్టరమ్మ పరీక్ష

నిండు బస్సులో టికెట్లు కొడుతుండంగ ఒకనాడు కండక్టర్ యశోదకు గుండె దడదడలాడింది, ఊపిరాడలేదు. పాణం పోతున్నదే అనుకున్నది. పాల్వంచలో దిగి కూలబడ్డది. పరీక్షలు చేస్తే గుండెకేం కాలేదు, ఇది భయం జబ్బన్నరు. భయమేందో, కంటికి కనిపించే పులి కూడా కాదాయె! మందులు మింగింది, కౌన్సెలింగ్‌కు తిరిగింది. దడ తగ్గింది. కానీ మళ్ల వస్తదా? అది తేలితే గానీ బస్సెక్కనని డిపో ఆఫీసులోనే కూర్చున్నది.

అంతలో తను కౌన్సెలింగ్‌కు తిరిగిన ఖమ్మం దవాఖానా నుంచి డాక్టర్ ఉదయశ్రీ ఫోన్ చేసింది. జబ్బు తగ్గినోళ్లలో ఎవరికి తిరగబెడతదో ఒంట్లో గుర్తులను బట్టి ముందే పసిగట్టొచ్చా అని పరిశోధన చేస్తున్నరట. ఇంత నెత్తురు, తల వెనక కుదుళ్ల కాడ కత్తిరించిన చిటికెడు వెంట్రుకలు ఇస్తే చాలు. మనిషి ఒత్తిడి పడ్డ ఆనవాళ్లు నెలల తరబడి వెంట్రుకల్లో నిలుస్తయట.

"ఖాయంగా చెప్తమని కాదు యశోదా, ఇంకా చూస్తున్నం," అన్నది డాక్టర్.

ఆ మాట చెవికెక్కితే కదా! యశోదకు కాలు నేల మీద నిలవలేదు.

ఇంట్లో చెప్తే అత్త గంగక్క మొహం చిన్నబోయింది. "నీ దడ తగ్గితే భద్రాద్రి రామయ్యకు నీ తలనీలాలు ఇప్పిస్తనని మొక్కిన. దేవునికి మొక్కిన జుట్టుకు ముందే కత్తెర పెట్టిస్తవా బిడ్డా?"

"మొక్కు తీర్చుకొనే పోత అత్తా. మేడం అడిగింది కుదుళ్ల కాడివే గదా, కుదుళ్లు నెత్తిలనే ఉంటయి," అన్నది యశోద హుషారుగా.

నున్నటి గుండుతో వచ్చిన యశోదను చూసి ఉదయశ్రీ తల పట్టుకున్నది. "పోయిన మూడు నెలల సంగతంతా ఆ జుట్టులోనే ఉన్నది కదమ్మా. మళ్లీ మూడు నెలలు పెరగాలి."

యశోదకు ఏడుపొచ్చింది, ఒళ్లు మండింది, ఆ వెనకనే నవ్వూ వచ్చింది. గుండు తడుముకుంటూ మూడు నెలలు ఎవరు కూర్చుంటరు? పెరిగే జుట్టేదో బస్సులోనే పెరగనీ అనుకున్నది. తెల్లారి డ్యూటీ ఎక్కింది.

దడ రాలేదా అంటే, వచ్చింది. కొత్తగూడెం దాటినంక, కాలు పెట్ట సందు లేని రద్దీలో. కమ్మీ పట్టుకొని, కౌన్సెలింగ్‌లో నేర్పినట్టు మెల్లగా ఊపిరి వదిలింది. "చిల్లర జల్దీ తియ్యిండ్రి," అన్నది. ఆమె దిగలేదు. భద్రాచలం దాకా టికెట్లు కొడుతూనే ఉన్నది.

మూడు నెలలకు పొట్టి జుట్టుతో, ఖాకీ చొక్కాతోనే పోయి ఉదయశ్రీ ముందు మెడ వంచింది. వెంట్రుకలు తీసుకున్న డాక్టర్‌కే ఆశ్చర్యమైంది.

"ఫలితం ఎప్పుడొస్తదని అడగవా?"

"వచ్చినప్పుడు ఫోన్ చెయ్యిండ్రి మేడం," అన్నది యశోద లేస్తూ. "బస్సుల ఉంటే మాత్రం ఎత్తను."