అత్తయ్య వంతు

తాడేపల్లిగూడెంలో మావయ్యగారు పోయారని తమ్ముడు ఫోన్ చేసేటప్పటికి నేను ఆయన్ని చూడడానికే రైలెక్కి భీమడోలు దాటాను. కబురు విన్నాక చెయ్యడానికేమీ లేదు. ఎలాగూ అటే వెళ్తున్నాను కదా, అలాగే కూర్చున్నాను.

ఆయన మా అమ్మకు అన్నగారు. మీలో డెబ్బై దాటినవాళ్ళు ఆయన గొంతు వినే ఉంటారు, పేరే గుర్తుండదు. మద్రాసులో కొన్నేళ్ళు సినిమాలకు పాడారు. అన్నీ ప్రేమ పాటలే: వెన్నెలా, పడవా, అలిగిన అమ్మాయీ. మైకుకు ముద్దు పెడుతున్నారా అన్నంత దగ్గరగా నిలబడి గుసగుసలాడినట్టు పాడేవారు. కాలేజీ అమ్మాయిలు ఉత్తరాలు రాసేవారట. అత్తయ్య అవన్నీ చదివి, బాగా రాసిన పిల్లలకు దగ్గరుండి జవాబులు రాయించేదట.

తరవాత గొంతెత్తి పాడేవాళ్ళ కాలం వచ్చింది. పిలుపులు తగ్గాయి. ఆయన గూడెం వచ్చేసి రైసుమిల్లులో గుమాస్తాగా చేరారు. మీరూ కాస్త గొంతు పెంచి ఉండాల్సింది కదా అని ఎవరైనా అంటే ఒకటే మాట: "ప్రేమ పాట ఊరందరికీ వినపడక్కర్లేదండీ. పక్కనున్న మనిషికి వినపడితే చాలు."

ఆ మనిషి అత్తయ్య. ఇంట్లో ఆయన పాడే యుగళగీతాల్లో ఆడగొంతు ఆవిడదే, అదీ వంటింట్లోంచి. స్టేజి ఎక్కమంటే చస్తే ఎక్కేది కాదు. చారుకు పోపు వేస్తూ తన వంతు పాడేసి, హాల్లో ఉన్న ఆయనకు పాట అందించేది. మేం పిల్లలం మధ్య గదిలో అన్నాలు తింటూ వినేవాళ్ళం.

అత్తయ్య పోయాక కూడా ఆయన ఆ పాటలే పాడారు. ఆవిడ వంతు రాగానే ఆగేవారు. కళ్ళు మూసుకుని, చెయ్యి కాస్త పైకెత్తి, ఆ చరణానికి పట్టే సమయమంతా ఖాళీగా వదిలి, తన వంతు అందుకునేవారు. ఇంట్లో అయితే సరే. ఆకివీడులో చేపల చెరువుల ఆసామి ఒకాయన పిల్ల పెళ్ళికి పిలిచి పాడించారు. ఈయన ఆగేసరికి, పాపం మర్చిపోయినట్టున్నారనుకుని, ఆ ఆసామే ఇంకో మైకు అందుకుని, అంతంత మీసాలతో హీరోయిన్ వంతు పాడేశారు. పందిరంతా ఒకటే నవ్వులు. మావయ్యగారు నవ్వలేదు, కోప్పడనూ లేదు. చివరిదాకా విని, "అయిందాండీ?" అని మర్యాదగా అడిగారు. అప్పుడు చెయ్యెత్తి, ఆ ఖాళీ అంతా మళ్ళీ మొదటినుంచి వదిలారు. ఆ రోజు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఆ తరవాత ఆయన్ని పాడమని ఎవరూ పిలవలేదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్ళిపోతే పగలంతా ఒక్కరే. ఎప్పుడు వెళ్ళినా తలుపు తీసి, నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసేవారు.

పోయిన నెల వెళ్ళేసరికి మంచం మీద ఉన్నారు. మాట గాలిగా వస్తోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అత్తయ్య వంతు నాకు వచ్చు కదా, ఒకసారి పాడమన్నారు.

"ఎన్నాళ్ళని ఒక్కణ్ణే పాడుకుంటానే అమ్మడూ," అన్నారు.

నాది గొప్ప గొంతేం కాదు. అయినా పాడాను. ఆయన వంతు వచ్చింది. పెదవులు కదిలాయి కానీ గొంతు పలకలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. ఆ అవస్థ తప్పిద్దామని నా తరవాతి చరణం ఎత్తుకున్నాను.

ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఆగవే. నా వంతు ఇంకా అవలేదు."

ఆగాను. వీధిలో ధాన్యం లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. దగ్గరకు వంగి విన్నాను, ఊపిరి తప్ప ఏమీ లేదు. మెడ కింద వదులైన చర్మం మాత్రం, సాగాల్సిన చోట సాగుతూ, నిలవాల్సిన చోట నిలుస్తూ, మెల్లగా కదులుతోంది.