ఒక్క సమాన గుర్తు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నన్ను ఓదార్చాలనుకుంటే చదవడం ఇక్కడే ఆపెయ్యి. నీ జాలి నాకు అక్కర్లేదు.

అప్పట్లో ప్రొద్దుటూరులో ఒక చిన్న షాపులో డ్రిప్పు మిషన్లకు ప్రోగ్రాములు రాసేవాణ్ని. వేముల దగ్గర ఓబుళరెడ్డి, చెన్నారెడ్డి అనే అన్నదమ్ములకు రెండు చీనీ (బత్తాయి) తోటలు, ఒకటే బోరు. ఒకరోజు అన్నకు, ఒకరోజు తమ్మునికి నీళ్లు తిప్పే పెట్టె నేనే తయారుచేశాను. అన్న షెడ్డులో బిగించాం.

మనం రాసింది మిషనుకు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అనుమానం వచ్చిన ప్రతిచోటా అది హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలంటే నాకు ఒళ్లుమంట. నా పనికి వంకలు పెట్టడానికి ఇదెవరు? అసలు కనిపించకుండా ఆపేశాను.

ఆ పెట్టె ప్రోగ్రాములో ఒక వరుసలో, రెండు సమాన గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టాను. రెండుంటే ‘ఇప్పుడు అన్న వంతేనా’ అని అడిగినట్టు. ఒకటే ఉంటే ‘ఇప్పుడు అన్న వంతే’ అని తేల్చేసినట్టు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ వరుస పనిచేసేది. ఆ ఎండాకాలం కరెంటు పోని రోజు లేదు. నీళ్లన్నీ అన్న తోటకే పారాయి. తమ్ముని చెట్లు కాయలతోనే ఎండిపోయాయి.

తమ్ముడు చెన్నారెడ్డి షాపుకు వచ్చాడు. పెట్టె బిగించిన రోజు, వీనికేం తెలుసని నలుగురిలో నన్ను ఎగతాళి చేసిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నిజం జెప్పప్పా. మిషన్ తప్పు జేస్తాందా, మాయన్న తిప్పుకుంటాండాడా?”

“మిషన్ తప్పు చేయదు మామా. ఎవరన్నా మార్చింటేనే అట్లయితాది.”

“ఎవరన్నా ఏంది? పెట్టె ఉండేది వాని షెడ్లోనే గదా.”

తప్పు నాదని అప్పటికి నాకు తెలియదు, నిజమే. అనుమానమైనా రాలేదా? వచ్చింది. మరి ఎందుకు చూడలేదు? భయమా, ఆ ఎగతాళి మీద కసా? కసే ఎక్కువని ఇప్పుడనిపిస్తుంది.

ఆ సాయంత్రం అన్నదమ్ములు పారలతో కొట్టుకున్నారు. అన్న చెయ్యి విరిగింది. పులివెందుల ఆసుపత్రిలో చేర్చారని వినగానే హెచ్చరికలు మళ్లీ పెట్టి చూశాను. మొట్టమొదటిదే ఆ వరుస. నంబరుతో సహా చూపించింది.

అన్న ఇంటికొచ్చాక, పెట్టెకు దుమ్ము దులపాలని సాకు చెప్పి షెడ్డుకు పోయి, ప్రోగ్రాము మార్చి వచ్చాను. చేతికి కట్టుతో ఓబుళరెడ్డి పక్కనే నిలబడ్డాడు. తాను ఆ పెట్టెను ముట్టనేలేదని చెప్పుకున్నాడు. ఎవరికి? నాకు. సరేనని తలూపి బండెక్కాను.

ఆ తర్వాత తమ్ముడు వేరే బోరు వేసుకున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. పోయిన నెల చెన్నారెడ్డే ఫోన్ చేసి, తన తోటకు కొత్త పెట్టె కావాలన్నాడు. నా మీద నమ్మకమట. ఇంకా జవాబివ్వలేదు.

ఓబుళరెడ్డి ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. ఈ రెండు మాటలూ ఇంతవరకూ ఎక్కడా అనలేదు. ఇప్పుడు అన్నా ఏదీ మారలేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.