భార్గవి తిరగ్గొట్టిన పోత

"...ఉక్కు గట్టిగుంటే చాలని మీరే అంటిరి గద మేడం!" కొలిమి ఫోర్‌మన్ దూలయ్య గొంతు షెడ్డు బయటికి వినిపిస్తోంది. "గట్ల నేనెన్నడన్లే దూలయ్యన్నా," అంది భార్గవి. ఇల్లందు దగ్గరి తండాలో పుట్టి, పాల్వంచలో ఒక చిన్న ఉక్కు ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చిన మనిషి. షిఫ్టు బస్సు దిగగానే చున్నీ నడుముకు బిగించి, ముందురోజు పరీక్షకు విరగ్గొట్టిన ముక్కను బొటనవేలితో తడుముతుంది. ఆ గరుకు తెలియందే టీ తాగదు. ఇప్పుడు ఆమె చేయిస్తున్నది, సూర్యుడిలోలా హైడ్రోజన్ పరమాణువులను ఒకదానితో ఒకటి కలిపి కరెంటు తీసే రియాక్టరుకు గోడ కావలసిన ఉక్కు. అక్కడి న్యూట్రాన్ల దెబ్బకు మామూలు ఉక్కు పెళుసెక్కుతుంది; అందులో గట్టిదనానికి కలిపే మాలిబ్డినం అనే లోహం తరాలపాటు రేడియేషన్ చిమ్ముతుంది. అందుకే దాన్ని మాన్పించి టంగ్‌స్టన్ కలిపించింది. అయినా కొత్తగా కరిగించి పోసిన పోతను పరీక్షిస్తే మాలిబ్డినం బయటపడింది. అంతకుముందు అదే కొలిమిలో మాలిబ్డినం కలిసిన బాయిలర్ ఉక్కు కరిగించి, ఒకసారి ఉత్త ఇనుము కరిగించి కొలిమిని కడగకుండానే దీన్ని పోశారు.

"ఉన్నది జర్రంతనే," అన్నాడు దూలయ్య. "సోమవారం రియాక్టరోళ్లకు ఉక్కు పలక పంపకపోతే ఈ పని ఇంకో ఫ్యాక్టరీకి పోతది. మళ్ల మన మొఖం చూస్తరా?"

"ఎండుచేపలు వండిన గిన్నెల పాలు కాస్తే, వాసన జర్రంతనే అని తాగుతవా అన్నా?"

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. దూలయ్య నవ్వాపుకోడానికి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. భార్గవి మేనేజరుకు ఫోన్ చేసింది.

"సార్, సోమవారం పలక పోదు. కొలిమి కడిగి మళ్లీ పోస్తున్నం."