నాలుగు వేళ్ల ఖాళీ

ఆ కాంప్లెక్సులో మెట్ల కింద కూర్చునే దర్జీని చుట్టుపక్కల షాపులవాళ్లు సర్దుబాటు మాస్టారు అంటారు. ఆయన కొత్త బట్టలు కుట్టడు. బిగుతైన ప్యాంటు వదులు చేయడం, వదులైన చొక్కా బిగించడం, పొడవైన చేతులు మడిచి కుట్టడం, ఇదే పని. మనిషి లావైతే బట్ట సర్దుకోవాలి, చిక్కిపోయినా బట్టే సర్దుకోవాలి. ఇరవై ఆరేళ్లలో ఆ పని ఆయన ఒంటికి పట్టేసింది. మెట్ల పక్కన ఎవరైనా బస్తా దించితే తన కుర్చీ జరుపుకుంటాడు. జిరాక్సు షాపువాడు బోర్డు తెచ్చి ఆయన వెలుతురుకి అడ్డంగా పెడితే, "పర్లేదులే, ఇటు తిరిగి కుట్టుకుంటా" అన్నాడు. అలా తిరిగీ తిరిగీ ఇప్పుడు గోడకేసి చూస్తూ కుడుతున్నాడు. మంచివాడని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోరా మరి! ఇలాంటి మనిషి పక్కనుంటే ఎవరికి మాత్రం హాయిగా ఉండదు?

ఐదుగురు అన్నదమ్ముల్లో ఆయన మూడోవాడు. అన్నల చొక్కాలు కురచ చేయించుకుని తొడుక్కున్నాడు, అవి చిరిగేలోగా తమ్ముళ్లకిచ్చాడు. పడుకునేటప్పుడు నడిమధ్య చోటు ఆయనది, అటు తిరిగినా ఇటు తిరిగినా ఎవరిదో ఒకరి మోచెయ్యి తగిలేది. తనకోసమే కొలతలు తీసిన చొక్కా మొదటిసారి వేసుకున్నది పెళ్లిలోనే. పెళ్లయ్యాక రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కిటికీ, కిటికీ దగ్గర ఒక బల్ల, ఒక కుర్చీ. భార్య మందుల కంపెనీలో సీసాల మూతలు సరిచూసే పనికి వెళ్లేది. సాయంత్రం ఆవిడ వచ్చేదాకా ఆ కుర్చీలో కూర్చుని వీధి చూడటం ఆయనకున్న ఒకే ఒక్క విలాసం.

అప్పుడు బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. పది రోజులుంటానన్నాడు, నాలుగేళ్లయింది.

అతను చెడ్డవాడైతే కథ ఇంతదూరం వచ్చేది కాదు. గ్యాస్ సిలిండర్ మోసుకొస్తాడు, అక్కకి జ్వరమొస్తే వంట చేస్తాడు, పక్కింటివాళ్ల గొడవలు తీరుస్తాడు. ఎక్కడ పడేసినా బతికేసే రకం. ముందు గదిలో తిష్ఠ వేసి, ఫోన్లో వాటర్ ఫిల్టర్లు అమ్ముతూ, ఆ పెట్టెలన్నీ గోడవారన పేర్చాడు. కుర్చీ మీదకి అతని చొక్కాలు చేరాయి. మాస్టారు కుర్చీ మానేసి గుమ్మం మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. గుమ్మం మీదకి చెప్పుల స్టాండు వచ్చాక అదీ మానేశాడు.

మిగిలింది బల్ల. ఊరు మారుతున్న ఒక కస్టమరు రెండడుగుల గాజు తొట్టి, దాని దీపం, నీళ్లు తిప్పే మోటారు తెచ్చి, "మీకిష్టమైతే ఉంచుకోండి మాస్టారూ, సముద్రపు చేపలు పెంచుకోవచ్చు" అన్నాడు. మాస్టారు దాన్ని కిటికీ పక్క బల్ల మీద పెట్టాడు. ఆయన ఆ ఇంట్లో ఏదైనా ఒకచోట పెట్టడం అదే మొదటిసారి.

రెండు వీధుల అవతల సముద్రపు చేపలమ్మే షాపుంది. అది నడిపే ఆవిడ కొంచెం కటువు మనిషి. తొందరపడి కొనేవాళ్లని వెనక్కి పంపించేస్తుంది. రెండు నెలలపాటు తొట్టిలో ఉప్పునీళ్లు, ఇసుక, రాళ్లు తప్ప ఏమీ ఉండకూడదంది. ఆ తర్వాత రెండు చిన్న చేపలిచ్చింది. చిన్న తొట్టిలో నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోయి ఘాటెక్కుతుంది, అందుకని రోజూ పొద్దున్నే తగ్గినంత మంచినీళ్లు పొయ్యమంది. మాస్టారు గాజు మీద చాక్‌పీసుతో గీత గీసుకుని, గరిటెతో కొలిచి పోసేవాడు. పగడాల ముచ్చట వచ్చింది ఆ తర్వాతే.

"పగడాలంటే దండకి గుచ్చేవి కదండీ, నీళ్లలో పెంచడమేంటి?" అంది భార్య.

"ప్రాణముంటుందటే వాటికి. ఆకలేస్తే నోరు తెరుస్తాయట."

"మనకంటే నయమే" అని నవ్వి ఆవిడ పనికెళ్లిపోయింది.

ఆ ఆదివారం షాపుకి బావమరిది కూడా బయల్దేరాడు. మాస్టారు వద్దనలేదు.

"నాకు కొత్తమ్మా. నావల్ల ఏదైనా పొరపాటు జరిగినా చచ్చిపోకుండా సర్దుకుపోయేవి ఇవ్వండి" అన్నాడు మాస్టారు షాపావిడతో.

ఆవిడ ముందు పుట్టగొడుగుల్లాంటి రెండు చిన్న పగడాలు చూపించింది. వెలుతురు తక్కువైనా ఊరుకుంటాయట. తర్వాత ఒక కాడ చూపించింది. దాని చివర ఒకే ఒక్క పువ్వు, సన్నని వేళ్లు చాపి మెల్లగా కదులుతోంది. డంకన్ అంటారంది. కొత్తవాళ్ల చేతిలో కూడా నిలుస్తుంది, కానీ నెమ్మది, రెండో పువ్వు వెయ్యడానికి నెలలు పడుతుంది. మాస్టారి కళ్లు దాన్ని వదల్లేదు.

"బావా, ఇది చూడు!" అని అటు పక్కనుంచి బావమరిది కేకేశాడు. రాయంతా పచ్చిక మొలిచినట్టు ఆకుపచ్చ చుక్కలు నీళ్లలో ఊగుతున్నాయి. "ఎంత బాగుందో! ఇది తీసుకోవాల్సిందే."

మాస్టారు తలూపాడు. అంతలో బావమరిదికి ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. షాపావిడ గొంతు తగ్గించింది.

"మాస్టారూ, సర్దుకుపోయేవి రెండు రకాలు. ఈ డంకన్ ఉన్నచోట ఉండి ఒదుగుతుంది. ఆ పచ్చది ఎక్కడైనా బతుకుతుంది, కానీ సర్దుకోవాల్సింది పక్కవాళ్లు. దాని కింద ఊదారంగు చర్మం ఉంటుంది, అది చాప కింద నీరులా పాకుతుంది. అందుకని దాన్ని వేరే రాయి మీద, ఇసుకలో ఒంటరిగా పెట్టండి. చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. ఆ ఖాళీ ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు."

మాస్టారు ఇంటికొచ్చి డంకన్ కాడని పెద్ద రాయి గుంటలో అతికించి, పచ్చరాయిని దూరంగా ఇసుకలో పెట్టి, మెడలోని టేపు తీసి కొలిచాడు. సరిగ్గా నాలుగు వేళ్లు. రోజూ నీళ్లు పోసేటప్పుడు గాజు బయటినుంచి మళ్లీ కొలిచేవాడు. ఆ ఇంట్లో ఆయన కావాలని ఉంచుకున్న చోటు ఆ ఇసుక ముక్క ఒక్కటే. అది ఎందుకుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే సరిపోయేది కదా అంటే, సరిపోయేది. నోట్లో నాలుక లేని మనిషితో వచ్చే చిక్కే అది.

ఐదో నెలలో డంకన్ కాడ పక్కన గోరంత బుడిపె లేచింది. "ఏమేవ్, ఇదిగో చూడు, రెండోది వస్తోంది!" అని ఆయన అరిచిన అరుపుకి ఆవిడ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ఆయన అలా అరవడం ఆవిడ ఎప్పుడూ వినలేదు.

ఆ మర్నాడే పెద్దన్నయ్యకి ఆపరేషన్ అని కబురొచ్చింది. మాస్టారు ఎనిమిది రోజులు వేరే ఊళ్లో ఉండి తిరిగొచ్చేసరికి, పచ్చరాయి పెద్దరాయిని ఆనుకుని ఉంది.

"నేనే జరిపా బావా" అన్నాడు బావమరిది మెరిసే కళ్లతో. "పాపం, మూలన ఒక్కతే పడుంది. దగ్గరకి చేర్చేశా. ఇప్పుడు చూడు, కుటుంబంలా లేదూ?"

మాస్టారు నోరు తెరిచాడు. అంత ప్రేమగా చేసిన పనిని ఏమని తప్పుపట్టాలి? "బాగుంది" అన్నాడు. ఇలా రాస్తుంటేనే నాకు ఒళ్లు మండుతోంది, కానీ ఆయన అన్నది అదే.

ఒంటరిగా దొరికినప్పుడు జరిపేద్దాం అనుకున్నాడు. ఆ గదిలో ఒంటరిగా ఉండేదెప్పుడు? ఒక మధ్యాహ్నం బావమరిది స్నానానికి వెళ్లినప్పుడు గబగబా చెయ్యి పెట్టి రాయిని వెనక్కి జరిపాడు. సాయంత్రం చూస్తే మళ్లీ యథాస్థానం. "జారిపోయింది బావా, సరిచేశా" అన్నాడు బావమరిది. ఆ తర్వాత మాస్టారు మళ్లీ చెయ్యి పెట్టలేదు.

నెలన్నరకి ఊదారంగు చర్మం పెద్దరాయి మీదకి ఎక్కి, డంకన్ కాడని చుట్టేసింది. పువ్వు సగమే విచ్చుకుంటోంది. బుడిపె పెరగడం మానేసింది. ఆయన ఫోన్లో ఫొటో తీసుకుని షాపుకి పరిగెత్తాడు.

షాపావిడ చూసి నిట్టూర్చింది. "గీకితే ముక్క మిగులుతుంది, ముక్కలోంచి మళ్లీ వస్తుంది. డంకన్ బతకాలంటే కాడ కోసి వేరే తొట్టిలో పెట్టాలి. ఒక అడుగు తొట్టి నేనే ఇస్తా. పెట్టుకోడానికి చోటుందా?"

"చోటా?" అన్నాడు మాస్టారు. ముందు గది కళ్ల ముందు తిరిగింది. పెట్టెలు, కుర్చీ, చొక్కాలు. "అడుగుతాను" అన్నాడు.

దారంతా ఆ ఒక్క మాటే పదే పదే చెప్పుకుంటూ వచ్చాడు. ఆ సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక మాస్టారు చెయ్యి ఆపాడు.

"ఆ రాళ్ల మధ్య ఖాళీ ఉండేది కదా. అది నేను కావాలనే పెట్టాను. కలిపితే ఆ పచ్చది రెండోదాన్ని కమ్మేస్తుందని షాపావిడ ముందే చెప్పింది. ఇప్పుడు కమ్మేసింది. డంకన్‌కి వేరే చోటు కావాలి."

బావమరిది ముఖం పాలిపోయింది. "మరి అప్పుడే చెప్పలేదేం బావా?"

బావమరిది కంచం పక్కకి నెట్టాడు. ఎప్పుడూ నవ్వే ఆ మనిషి నవ్వడం లేదు. కోపమూ లేదు.

"బావా, ఒకటడుగుతా, నిజం చెప్పు. నేనూ అంతేనా? నీకు అడ్డంగా ఉన్నానా? ఉంటే చెప్పు, ఏమీ అనుకోను. గది చూసుకుంటా."

భార్య చేతిలో గరిటె కూర గిన్నె మీదే ఆగిపోయింది. ఆవిడ తల ఎత్తలేదు. నాలుగేళ్లుగా మాస్టారి గొంతులో ఉన్న మాటకి అవతలి మనిషే తలుపు తీసి పట్టుకున్నాడు. ఆయన లోపల ఆ మాట కదలడం ఆయనకే తెలిసింది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఛ ఛ! అవేం మాటలయ్యా! రాయి గురించి చెబుతుంటే..."

"హమ్మయ్య, బతికించావు" అని బావమరిది కంచం దగ్గరకి లాక్కున్నాడు. "అక్కా, ఇంకొంచెం కూర వెయ్యి. రేపు నేనే బ్రష్షు పట్టుకుని ఆ పచ్చదంతా గీకేస్తాలే బావా, నువ్వేం దిగులుపడకు."

భోజనాలయ్యాక వంటింట్లో భార్య గిన్నెలు కడుగుతుంటే మాస్టారు తుడుస్తున్నాడు. ముందు గదిలో బావమరిది ఫోన్లో ఎవరితోనో హుషారుగా మాట్లాడుతున్నాడు.

"అవునని ఉంటే బాగుండేది" అంది భార్య, కుళాయి వైపే చూస్తూ.

ఆయన తప్పుగా విన్నాననుకున్నాడు. "ఏంటీ?"

"వాడే అడిగాడు కదండీ, నోరు తెరిచి. తోడబుట్టినదాన్ని, నేనెలా పొమ్మంటాను? మీరంటారని నాలుగేళ్లుగా చూస్తున్నా."

"నువ్వెప్పుడూ చెప్పలేదే!"

"మీరు చెప్పారా?"

నాలుగేళ్లు ఇద్దరూ ఒకే గోడకి అటొకరు ఇటొకరు నిలబడ్డారన్నమాట. మాస్టారు తుడిచే గుడ్డ భుజం మీద వేసుకుని గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

"ఇప్పుడు వెళ్లి చెప్పనా?"

"ఇప్పుడేం చెప్తారు? ఛ ఛ అన్నారుగా" అని ఆవిడ తర్వాతి గిన్నె అందించింది.