వెనక నుంచి పడిన చెయ్యి

నా చిన్నప్పుడు నా కాళ్ల గురించి ఊరంతా బాధపడేది, నేను తప్ప. పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడినా, దేవుడు నాకు పెద్ద నోరిచ్చి ఆ బాకీ తీర్చినాడు. బడికి మెట్లుండేవి. నన్ను ఎత్తుకుని ఎక్కించేవాళ్ల కంటే ముందు నా చదువే అలసిపోయి ఇంటికొచ్చేసింది.

మాది చాపాడు పక్క, గొర్రెలు కాసే ఇల్లు. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఒకటి నాకు ఇప్పించినారు. అది రోడ్డెక్కితే చాలు, ఎవరో ఒకరు వెనక నుంచి తోసేవాళ్లు. యాడికి పోతాండావని అడిగే అలవాటు లేదు. నేను బెల్లం కొనడానికి అంగడి కాడ ఆగాలనుకుంటే, నన్ను బస్టాండు దాకా తోసి, పుణ్యం మూటగట్టుకుని పోయేవాళ్లు. మా పక్క అదే మర్యాద.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో మాలాంటోళ్లకు కసరత్తు చేయించే డాక్టరమ్మ ఒకామె ఉండేది. అయ్యో పాపం అనడం ఆమెకు చేతకాదు. మా అందరికీ బండ్ల పందెం పెడతానని ఆఫీసుల చుట్టూ తిరిగి మైదానం అడిగి తెచ్చింది. బంగారు అంగడి షావుకారు ఒకాయన బహుమతులిస్తానన్నాడు. కాలవ గట్టు మీద ఆమె మాతో సాధన చేయిస్తాంటే, జమ్మలమడుగు పాప ఒకతె ప్రతిసారీ నన్ను దాటేసి, వెనక్కి తిరిగి నాలుక చూపించేది. ఆ నాలుకను లోపల పెట్టించడమే అప్పట్లో నా జీవితాశయం.

పందెం నాడు డాక్టరమ్మ మైకులో అందరికీ మరీమరీ చెప్పింది, ఎవరూ బండ్లను ముట్టుకోవద్దని. విజిల్ పడింది. సగం దూరానికి పాప బండీ నా బండీ పక్కపక్కనే ఉన్నాయి. భుజాలు మండిపోతాండాయి. మెల్లగా నా ముందు చక్రం ఆమెను దాటింది. అంతలో బండి ఉన్నట్టుండి తేలికైపోయింది. తిరిగి చూస్తే షావుకారు. పంచె ఎగ్గట్టి, కండ్లలో నీళ్లు పెట్టుకుని తోస్తాండాడు.

"వదులప్పా, నేనే పోతా" అని అరిచినా. చప్పట్లలో వినపడలేదు. పందెం చివర కట్టిన తాడు నేనే ముందు దాటినా.

డాక్టరమ్మ మొదటి బహుమతి ఆ పాపకిచ్చింది. జనం గొణిగినారు. షావుకారు ముఖం ఎర్రబడింది.

"కాళ్లు లేని బిడ్డ నోటికాడి కూడు లాగేస్తాండావు. నీకు మనసుందామ్మా?"

"మీరు తోసినారన్నా. గెలిచింది మీరు, వాడు కాదు."

తర్వాత డాక్టరమ్మ నా పక్కన కూర్చుని మెల్లగా అనింది. "నువ్వే గెలిచేవాడివేమో. ఇంక నాకూ తెలీదు, నీకూ తెలీదు."

మరుసటేడు షావుకారు రూపాయి ఇయ్యలేదు. ఆయన ఇయ్యలేదని ఇంకెవరూ ఇయ్యలేదు. మనసు లేని మనిషని డాక్టరమ్మకు పేరొచ్చింది. కొన్నాళ్లకు ఆమెను పులివెందులకు బదిలీ చేసినారు. మాకు మళ్లీ పందెం జరగలేదు, ఆ పాప మళ్లీ నాకు కనపడలేదు. ఇప్పుడు బండ్లు శానా మంది ఇస్తాండారు, ఫోటో కూడా తీస్తాండారు. పందెం పెడదామంటే మాత్రం, మీకెందుకప్పా ఆ కష్టమంటారు.

గడ్డం నెరిసినా, రోడ్డు మీద ఎవరన్నా వెనక చెయ్యేస్తే బ్రేకు గట్టిగా పట్టుకుంటా. పొగరుబోతు ముసలోడంటారు, అననీ. ఆ నాడు నేను గెలిచేవాణ్ణో ఓడేవాణ్ణో, రెండింటిలో ఏదో ఒకటి నాది. షావుకారు ఏడ్చుకుంటూ దాన్ని ఎత్తుకుపోయినాడు.