అరవై దాటితే వణుకు

స్టీరింగ్ తప్ప లోకంలో ఇంకేదీ కంటికి ఆనని రోజులవి. డిగ్రీ అయిపోయింది, పై చదువు చదవనని మొండికేశాను, ఇంట్లో అందరి చేతా వరసపెట్టి తిట్లు తిన్నాను, చివరికి నాన్న చేత కొత్త పికప్ బండి కొనిపించాను. మాది రెంటచింతల పక్కన పల్లె. ఊళ్లో ఎవరి మిరపకాయలైనా, ఎవరి పత్తి అయినా మాచర్లకి నేనే చేరవేస్తానని, ఆ బండి మీదే నా బతుకు నేను చూసుకుంటానని నాన్నకి మాటిచ్చాను. తెల్లటి బండి, ప్లాస్టిక్ కాగితం ఇంకా తీయని సీట్లు, దాన్ని తోలేది ఇరవై రెండేళ్ల ఆడపిల్ల. అద్దంలో నా మొహం చూసుకోవడం మానేసి బండి మొహం చూసుకునేదాన్ని. (ఇంటి ముందు నిలబెట్టి ఉత్తపుణ్యానికి హారన్ కూడా కొట్టేదాన్ని. పక్కింటి గేదె పాపం నన్ను చూస్తేనే లేచి నిలబడేది.)

పూజ కాగానే బండి ముందు మన చేలోకే పోవాలని నాయనమ్మ పట్టుబట్టింది. ముందురోజే వాన కురిసింది. తడిసిన నల్లరేగడి సంగతి తెలిసి కూడా హుషారుగా దింపాను. ఇరుసుల దాకా దిగబడింది. మేనత్త కొడుకు, అంటే మా బావ, ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి లాగాడు, లాగుతున్నంతసేపూ నవ్వాడు. ఇంటికొచ్చి నీళ్ల గొట్టం పట్టుకున్నానో లేదో నాయనమ్మ అడ్డం వచ్చింది. "పైపైన కడుక్కో గానీ చక్రాలు మాత్రం కడగమాకే. సొంత చేని మట్టి, లచ్చిమి. మిరపకాయలు మొదటి లోడు పొయ్యిందాకా ఉండనియ్." సరేనన్నాను. నాలుగు రోజులు రోడ్డు మీద తిరిగేసరికి పైకి కనిపించే మట్టి దానంతటదే రాలిపోయింది. ఆ మాట కూడా నా బుర్రలోంచి అలాగే రాలిపోయింది.

ఆ వారమే మొదలైంది వణుకు. యాభై దాకా బండి మహా బుద్ధిమంతురాలు. ముల్లు అరవై దాటిందా, స్టీరింగూ సీటూ కలిసి గజగజలాడేవి. అద్దంలో వెనకొచ్చే బస్సు రెండు బస్సులయ్యేది. ముందు పెట్టిన బుల్లి వినాయకుడు జరిగి జరిగి మాచర్ల చేరేసరికి నా ఒళ్లో ఉండేవాడు. షోరూమ్‌లో చెబితే "కొత్తది కదా మేడమ్, తిరిగే కొద్దీ సర్దుకుంటుంది" అన్నారు. నరసరావుపేట తీసుకుపోయి అలైన్‌మెంట్ చూపిస్తే కంప్యూటరు నిండా పచ్చగీతలే, అంతా బాగుందట. నాన్న మాత్రం "వణికేది బండా, నీ చేతులా? ముందది చూసుకో" అన్నాడు. బావ అయితే మరీనూ. "ఆడపిల్ల కాలు గదా మామా, ఏది ఎంత తొక్కాల్నో తెలవదు" అని తేల్చేశాడు. ఒకరోజు పట్టుదలకి పోయి తాళం వాడికిచ్చి నేను పక్కన కూర్చున్నాను. వాడు తోలినా వణికింది. దిగి, జుట్టు సరిచేసుకుని, "నువ్వు అలవాటు చేసినావు దానికి" అన్నాడు. నాకు వాణ్ణి అదే గొట్టంతో కొట్టాలనిపించింది.

ఈ వణుకుతో బాగుపడింది లోకంలో నాయనమ్మ ఒక్కతే. ఒకసారి కంటి డాక్టరు దగ్గరికని ఎక్కించుకుని మాచర్ల పోతుంటే అరవై దగ్గర బండి మొదలెట్టింది. ముసలావిడ భయపడుతుందని నేను కాలు తీయబోయాను. "తియ్యమాకే! అబ్బబ్బబ్బ, సరిగ్గా ఆ ఎముక కాడే పడతంది" అని కళ్లు మూసుకుంది. పదేళ్ల నుంచి ఏ మాత్రకీ లొంగని నడుం నొప్పి, దిగేసరికి సగానికి సగం పోయిందట. మరునాటి నుంచి ఏదో వంక పెట్టి బండెక్కడమే పని. అంతటితో ఊరుకుందా, ఊళ్లో ఉన్న నడుములన్నిటికీ కబురు పెట్టింది. ముందు సీట్లో నాయనమ్మా, ఎదురింటి పెద్దమ్మా ఇరుక్కుని కూర్చుని, "అ-అ-అరవైలో సరిగ్గా పట్టుకోవట్లా, ఇంకొంచెం పో-పో-పోనియ్యవే" అనేవాళ్లు. నవ్వాపుకోలేక నేను ఒకసారి పక్కన ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని కడుపు పట్టుకున్నాను. "ఏమే, ఆపినావేంది? నాకింకా ఎడంపక్క కాలా" అని పెద్దమ్మ గదమాయించింది.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక పొద్దున నాన్న ముందు టైరు మీద చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. కొని మూడు నెలలు తిరక్కుండానే రబ్బరు అక్కడక్కడా గుంటలు పడి, ఎలుకలు కొరికినట్టు అరిగిపోయి ఉంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అమ్మాయ్, కల్లంలో మిరపకాయలు ఎండిందాకా చూస్తా. ఆలోగా ఇది కుదురుగా నడిస్తే సరే. లేదంటే తాళం మీ బావకిస్తా, నువ్వు ఇంట్లో కూచో" అన్నాడు. కల్లంలో కాయలు రోజురోజుకీ ఎర్రగా ఎండుతుంటే, మా ఎండని అంతగా తిట్టుకున్న మనిషి జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇక మిగిలింది మాచర్లలో మెకానిక్ పానా మామ. అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు. వడ్రంగి చెవి వెనక పెన్సిల్ పెట్టుకున్నట్టు చేతిలో ఎప్పుడూ పానా పట్టుకుని ఉండే ముసలి సాయిబు, నాన్నకి పాత స్నేహితుడు. అందరం ఆయన దగ్గరికి బయల్దేరాం. నా పక్కన నాన్న, నాయనమ్మ కిటికీ వైపు, బావ వెనక తొట్టిలో (పిలవకుండానే ఎక్కాడు). పానా మామ బండి తోలలేదు, నన్ను ఒక్క మాటా అడగలేదు. ముందు చక్రం జాకీ మీద లేపి, టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, చేత్తో ఒక్క తిప్పు తిప్పాడు. తిరిగి తిరిగి ఆగింది. గీత కిందికి. మళ్లీ తిప్పాడు. గీత కిందికే. మూడోసారీ అంతే. చక్రం ఊడదీసి లోపలి వైపు మా అందరికీ చూపించాడు. రిమ్ము లోపల ఒక పక్కంతా నల్లరేగడి, మా ఎండకి కాలి ఇటుకైపోయి, అంటుకుపోయి ఉంది. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పెళ్లగా ఊడిపడింది. మిగతా మూడూ విప్పితే వాటిలోనూ అదే వరస.

"అరె పాపా, బండికేం రోగం లేదు. బరువంతా ఒక పక్కకే ఉంటే వణక్క ఏం చేసిద్ది, టైరు తినక ఏం చేసిద్ది? ఇంకొన్నాళ్లు ఉంచితే ఇందులోనే మిరపనారు పోసుకునేవాళ్లు. ఇన్నాళ్లూ చక్రాలు ఎందుకు కడగలేదమ్మా?"

నేను నాయనమ్మ వైపు చూడలేదు. ఒట్టు, చూడలేదు. నాన్నే చూశాడు. నాయనమ్మ ఎవరి వైపూ చూడకుండా కిందికి వంగి, ఒక మట్టిపెళ్ల తీసుకుని కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది. "లచ్చిమి చానా బరువుంటదని నాకేం తెలుసురా" అంది. పానా మామ పానా కింద పెట్టేసి మరీ నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో అరవై దాటాను. డెబ్బై. బండి నీళ్ల మీద పోతున్నట్టు పోయింది, వినాయకుడు ఉన్నచోటే ఉన్నాడు. నాకు గట్టిగా అరవాలనిపించింది, నిజానికి అరిచాను కూడా. నాయనమ్మ మాత్రం అటూ ఇటూ సర్దుకుని, "ఏందిరా ఇది, బంగారం లాంటి బండిని తెచ్చి పాడుజేసినాడు ఆ సాయిబు" అని ఊరొచ్చేదాకా సణిగింది. ఇంటి ముందు ఆపాక బావ తొట్టిలోంచి దూకి, తాళం తనదే అన్నట్టు నాన్న ముందు చెయ్యి చాపాడు. నాన్న తాళం నా చేతిలోంచి తీసుకున్నాడు. కండువాతో తాళాన్ని తుడిచి, మళ్లీ నా చేతిలోనే పెట్టి, బావతో, "ఎల్లుండి మిరపకాయ టిక్కీలు అమ్మాయి ఏసుకపోయిద్ది. నువ్వు మూటలెత్తు" అన్నాడు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఆ బండి ఉంది, తోలి తోలి నాకూ ఆవిడ నడుం నొప్పే, అదే ఎముక దగ్గర వచ్చింది. నిరుడు వానలకి చేలోకి దింపి ఇంటికొచ్చాక గొట్టం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చక్రాల జోలికి పోకుండా పైపైన కడిగి గొట్టం చుట్టేశాను. మర్నాడు మాచర్ల రోడ్డు మీద ముల్లు అరవై దాటేసరికి, నా పక్కన ఖాళీ సీటు కూడా సన్నగా వణకడం మొదలెట్టింది. "ఇం-ఇం-ఇంకొంచెం పోనియ్యవే" అని నేనే పైకి అనుకుని, ఒక్కదాన్నే నవ్వుకుంటూ పోనిచ్చాను.